బారిస్టర్‌ని కలిసేలోపు సిద్ధం చేసుకోవాల్సినవి

రేపు పొద్దున పదింటికి హియరింగ్ ఉందంటే, ఇవాళ రాత్రి నా బల్ల మీద ఉండేవి ఇవి: లాప్‌టాప్‌లో 340 పేజీల బండిల్ (కేసు కాగితాలన్నీ కలిపిన కట్ట), నీలం అట్ట నోటుబుక్కు, చల్లారిపోయిన టీ. ఆ పేజీల్లో ఉన్న మనిషిని నేనింకా చూడనైనా లేదు. పొద్దున తొమ్మిదింటికి కోర్టులో చిన్న గది దొరికితే అందులో, దొరక్కపోతే కారిడార్‌లో ఓ మూల నిలబడి మొదటిసారి మాట్లాడుకుంటాం. చేతిలో ఉండేది గంట. ఇంగ్లండ్‌లో కుటుంబ కేసులు, ప్రమాదాల్లో దెబ్బలు తగిలినవాళ్ల కేసులు చేసే బారిస్టర్ రోజులు చాలావరకు ఇలాగే మొదలవుతాయి.

ఆ గంటలో సగం "అయ్యో, ఇది మీ దాకా రాలేదా మేడమ్?" అన్న దగ్గరే పోతుంది. ఆ సగాన్ని మిగల్చడానికే ఇది రాస్తున్నా.

మనవైపు లాయరంటే కాగితం రాసేదీ ఆయనే, కోర్టులో నిలబడేదీ ఆయనే. ఇక్కడ పని రెండు చేతుల్లో ఉంటుంది. సొలిసిటర్ మీతో నెలల తరబడి ఉంటారు, ఉత్తరాలు రాస్తారు, కాగితాలు కోర్టుకి పంపుతారు. వాదన, సలహా నా పని. 'పబ్లిక్ యాక్సెస్' పద్ధతిలో సొలిసిటర్ లేకుండా నేరుగా నన్నే పెట్టుకోవచ్చు, ఖర్చు తగ్గుతుంది కూడా. కానీ అప్పుడు ఆ ఉత్తరాలూ గడువులూ మీ నెత్తిన పడతాయి. ఆఫీసు, పిల్లలు, పైగా ఇది అంటే అందరి వల్లా కాదు.

అన్నిటికన్నా ముందు తేదీల కాగితం రాయండి. ఒకే పేజీ. కథలా వద్దు, మీ అత్తగారి స్వభావం గురించి అసలే వద్దు. ఇలా ఉంటే చాలు:

4 మార్చి 2023, శనివారం, సాయంత్రం ఐదున్నర: రౌండబౌట్ దగ్గర ఆగి ఉన్నాను, వెనక నుంచి వ్యాన్ గుద్దింది.
6 మార్చి: మెడ తిరగలేదు, ఆఫీసుకి వెళ్లలేదు.
9 మార్చి: జీపీకి (ఇంటి దగ్గరి మామూలు డాక్టరుకి) ఫోన్ చేశాను.

దెబ్బల కేసులో ఈ కాగితమే సగం కేసు. మామూలుగా ప్రమాదం జరిగిన నాటి నుంచి 3 ఏళ్లలోపు కోర్టులో దావా పడాలి. పిల్లలకి దెబ్బ తగిలితే ఆ 3 ఏళ్లూ 18 నిండాకే మొదలవుతాయి. కారు ప్రమాదాల్లో మెడ పట్టేసే కేసులకైతే 31 మే 2021 నుంచి పరిహారం ఒక పట్టిక ప్రకారమే వస్తోంది: నొప్పి ఎన్ని నెలలుంటే అంత డబ్బు. 3 నెలల్లోపు తగ్గిపోతే అప్పట్లో 240 పౌండ్లు. 2025లో ఆ పట్టికని ఓ 15 శాతం పెంచారు, అయినా పెద్ద మొత్తమేమీ కాదు. కాబట్టి నొప్పి ఎప్పుడు పోయిందన్నది మీ జ్ఞాపకంలో కాక కాగితం మీద ఉండాలి.

"తేదీలు గుర్తులేవండీ, మా పాప బారసాలకి ముందు వారం" అంటారు. పర్లేదు. ఫోన్ తీసి బారసాల ఫోటో వెతకండి, తేదీ అందులోనే ఉంటుంది. ఉగాదికి ముందా తర్వాతా అన్నది చాలాసార్లు వాట్సాప్ గ్రూపులో శుభాకాంక్షల కింద తేలిపోయింది నాకు.

ఇక భాష సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

భుజానికి దెబ్బ తగిలిన ఒకావిడ స్టేట్‌మెంట్‌లో, ఎవరో ఇంగ్లీషులో రాసిచ్చినదాంట్లో, "భుజం నొప్పి వల్ల చెయ్యి వాడలేకపోతున్నాను" అని ఉంది. ఇన్సూరెన్స్ వాళ్ల తరఫు లాయరు ఫేస్‌బుక్‌లోంచి ఒక వీడియో పెట్టాడు. ఎవరింట్లోనో గృహప్రవేశం, ఈవిడ రెండు చేతులతో పళ్ల ట్రే పట్టుకుని నడుస్తోంది. నవ్వుతోంది కూడా. నేను తెలుగులో అడిగాను: "అసలు నొప్పి ఎలా ఉంటుందమ్మా?" ఆవిడ అంది: "నొప్పి అని కాదండీ. పగలు ఏం తెలీదు. రాత్రిళ్లు ఒకటే సలుపు. జడ వేసుకుందామని చెయ్యి పైకెత్తితే మాత్రం కలుక్కుమంటుంది. నడుం ఎత్తులో ఏదైనా మోస్తాను, పైకే లేవదు."

ఆ మాటల ముందు ఆ వీడియో దేనికీ పనికిరాదు. ట్రే ఉన్నది నడుం ఎత్తులోనే కదా. కానీ అవి స్టేట్‌మెంట్‌లో లేవు. వీడియో వచ్చాక చెబితే, వీడియో చూసి అల్లిన కథలా వినిపిస్తుంది. చాలా తిప్పలు పడి బయటపడ్డాం.

సలుపు, పోటు, మంట, తిమ్మిరి, గుంజడం, కలుక్కుమనడం: మనకిన్ని మాటలున్నాయి. జీపీ దగ్గరికి వెళ్లగానే అన్నీ కలిసి 'పెయిన్' అయిపోతాయి. ఇంట్లో కూర్చుని తెలుగులో రాయండి, ఏ పని చేస్తే ఏమవుతుందో. సివిల్ కోర్టుల నియమం కూడా ఇదే చెబుతోంది: సాక్షి స్టేట్‌మెంట్ ఆ సాక్షి సొంత భాషలో తయారవ్వాలి, తర్వాతే అనువాదం. "నాకు ఇంగ్లీష్ వచ్చండీ" అంటారు. ఆఫీసులో మీటింగ్ నడిపే ఇంగ్లీష్ వేరు, అర్ధరాత్రి భుజం గురించి చెప్పే ఇంగ్లీష్ వేరు.

కుటుంబ కేసుల్లో ఇది ఇంకా ప్రమాదం. "చెయ్యి చేసుకున్నాడు" అన్న మాటని మాటకి మాట ఇంగ్లీషులో పెడితే అక్కడ దెబ్బే కనబడదు. "ఇంట్లోంచి పొమ్మన్నాడు" అంటే ఒకసారి కోపంలో అన్నాడా, వానలో బయట పెట్టి తలుపేశాడా? "నా జీతం ఆయనే చూసుకునేవాడు" అని ఎంత మామూలుగా అంటారో! కార్డు ఎవరి దగ్గరుండేది, బస్సు డబ్బులకి కూడా అడగాల్సి వచ్చేదా అని విడదీసి అడిగితే అప్పుడు బయటికొస్తుంది అసలు సంగతి. డబ్బు మీద అలాంటి పట్టుని కూడా ఇక్కడి కుటుంబ కోర్టు హింస కిందే చూస్తుంది. మర్యాద కోసం మెత్తగా చెప్పొద్దు. పెంచీ చెప్పొద్దు. జరిగింది జరిగినట్టు.

ఇంకో సంగతి. దుబాసీ కావాలంటే ముందే, ఫారంలోనే అడగాలి, భాష పేరు 'తెలుగు' అని స్పష్టంగా రాయాలి. ఒకసారి మా క్లయింటు కోసం హిందీ దుబాసీ వచ్చాడు. ఇండియా అంటే హిందీ అనుకున్నారు ఎవరో. హియరింగ్ వాయిదా పడింది, ఆ అమ్మ పిల్లాణ్ణి చూడటం ఇంకో ఐదు వారాలు ఆలస్యమైంది. మీ బావగారో తమ్ముడో అనువాదం చేస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. వాళ్లు అనువదించరు, సర్ది చెబుతారు.

చెడ్డ సంగతి ముందు చెప్పండి. పాత యాక్సిడెంట్ ఉందా? అంతకుముందే నడుం నొప్పికి జీపీ దగ్గరికి వెళ్లారా? మీ మెడికల్ రికార్డులు అవతలివాళ్లు ఎలాగూ చదువుతారు. నాకు చెబితే, పాత నొప్పి మీద కొత్త దెబ్బ ఎంత కలిసిందో డాక్టరు చేత రాయించే దారి ఉంటుంది. దాచి దొరికితే వేరే కథ. 2015 నాటి చట్టం 57వ సెక్షన్ ప్రకారం, మీరు కేసు మూలంలోనే నిజాయితీ తప్పారని జడ్జి తేలిస్తే దావా మొత్తం కొట్టేయాలి, నిజంగా తగిలిన దెబ్బతో సహా. తీరని అన్యాయం జరుగుతుందనిపిస్తే తప్ప మినహాయింపు లేదు. అవతలివాళ్ల ఖర్చులు కూడా మీ మీద పడొచ్చు.

విడాకుల్లో డబ్బు పంపకానికి 'ఫారం ఇ' అని ఒకటుంటుంది. ప్రతి బ్యాంకు ఖాతాకీ 12 నెలల స్టేట్‌మెంట్లు, ప్రపంచంలో ఎక్కడున్నా సరే మీ ఆస్తులన్నీ అందులో పెట్టాలి. ఎక్కడున్నా అంటే నిజంగా ఎక్కడున్నా. ఊళ్లో మీ పేరు మీదున్న ప్లాటు, నాన్నగారి పేరు మీదే ఉన్నా వాయిదాలు మీరు కట్టిన ఫ్లాటు, లాకర్లో బంగారం. "అది అమ్మవాళ్లు పెట్టిందండీ, దాన్నెందుకు రాయాలి?" రాయండి. ఎవరు పెట్టారు, ఎన్ని కాసులు, ఇప్పుడు ఎవరి లాకర్లో ఉంది, పెళ్లి ఫోటోల్లో కనబడుతుందా. అది మీకే దక్కాలని వాదించడం నా పని. కానీ లేని కాగితం మీద నేనేం వాదించను? "ఇంటి డిపాజిట్‌కి బావగారు 20 వేల పౌండ్లు చేబదులిచ్చారు" అన్నదీ అంతే. విడాకులు మొదలయ్యాక రాసుకున్న ప్రోనోటుని జడ్జి ఓ చిరునవ్వుతో పక్కన పెడతారు. ఆ రోజు డబ్బు ఖాతాలో పడిన లైను, "నిదానంగా ఇద్దువులే" అన్న పాత మెసేజీ, ఇవి తెండి. అన్నట్టు ఆ "నిదానంగా ఇద్దువులే" మీకు చేటు కూడా చేయొచ్చు, తొందర లేని అప్పు అప్పే కాదంటారు. అయినా తెండి, ఉన్నదున్నట్టు చూద్దాం.

మన ఇళ్లల్లో ఎవరూ అడగని డబ్బొకటుంది. తీవ్రంగా దెబ్బ తగిలి మంచాన పడితే అమ్మో అత్తగారో విమానమెక్కి వచ్చేస్తారు. స్నానం, అన్నం, మందులు, రాత్రి లేచి పక్కకి తిప్పడం, అన్నీ వాళ్లే. ఆ సేవకి ఇక్కడి చట్టంలో పరిహారం ఉంది. బయటి మనిషిని పెట్టుకుంటే ఎంతయ్యేదో లెక్కేసి, కొంత తగ్గించి ఇస్తారు. "అమ్మ చేసినదానికి డబ్బా, ఛీ" అంటారు. 1994లోనే ఇక్కడి అత్యున్నత కోర్టు చెప్పింది: ఆ డబ్బు మీది కాదు, సేవ చేసినవాళ్ల కోసం మీ చేతిలో ఉంచుతున్నది. అమ్మకే ఇవ్వండి. దానికోసం ఓ చిన్న పుస్తకంలో రోజుకి ఎన్ని గంటలు, ఏం చేశారో రాసుకోండి. ఏడాది తర్వాత తలుచుకుని చెప్పే "రోజంతా చూసుకుందండీ" నిలవదు.

పిల్లల కేసుకి వచ్చేవాళ్లు 'కస్టడీ' అన్న మాట ఇంట్లో వదిలేసి రండి. 1989 చట్టంతోనే ఆ మాట పోయింది. పిల్ల ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరితో ఎంత సమయం గడుపుతుంది అన్నదే ప్రశ్న. "నాకు సగం రోజులు కావాలి" అన్న నాన్నని నేనడిగే మొదటి ప్రశ్న: "బుధవారం మూడుంబావుకి స్కూలు గేటు దగ్గర ఎవరుంటారు?" జవాబు లేకపోతే సగం రోజుల మాట కోర్టులో ఎత్తను. రెండు వారాల గడులు గీసుకుని, మీ షిఫ్టులు, పాప ఈత క్లాసు, ట్యూషన్ అందులో నింపి తెండి. మొదటి హియరింగ్‌కి ముందు క్యాఫ్‌క్యాస్ (కుటుంబ కోర్టు కేసుల్లో పిల్లల మంచిచెడ్డలు చూసే సంస్థ) నుంచి మీకు ఫోనొస్తుంది. వాళ్లు పోలీసు, కౌన్సిల్ రికార్డులు కూడా చూసి జడ్జికి ఉత్తరం రాస్తారు. బస్సులో ఉండగా ఫోనొస్తే, మళ్లీ ఎప్పుడు చేయమంటారో అడగండి, అంతేగానీ జనం మధ్య హడావిడిగా మాట్లాడేయొద్దు.

సెలవులకి అమ్మమ్మ ఊరు తీసుకెళ్లాలంటే అవతలి తల్లి లేదా తండ్రి రాతపూర్వక ఒప్పుకోలు, లేదా కోర్టు అనుమతి ఉండాలి. పిల్ల మీ దగ్గరే ఉంటుందని ఆర్డరుంటే నెలలోపు ప్రయాణానికి అక్కర్లేదు. అనుమతి లేకుండా వేరే దేశానికి తీసుకెళ్లిన పిల్లల్ని వెనక్కి పంపించే 1980 నాటి హేగ్ ఒప్పందంలో ఇండియా లేదు కాబట్టి, అవతలివాళ్లు అభ్యంతరం పెడితే జడ్జి జంకుతారు. తిరుగు టికెట్లు, ఉండబోయే ఇంటి అడ్రసు, స్కూలు తెరిచే తేదీ, మీ ఉద్యోగం ఉత్తరం, ఇవన్నీ చూపించండి. అనుమతి లేకుండా విమానమెక్కితే అది నేరం.

ఇక ఆ రోజు. ఎనిమిదీ ముప్పావుకల్లా రండి. కుటుంబ హియరింగులు మూసిన తలుపుల వెనక జరుగుతాయి, వెంట వచ్చిన ఆరుగురూ బయటే కూర్చోవాలి. ధైర్యం కోసం ఒక్కరు చాలు. విగ్గుల కోసం చూడకండి, ఫ్యామిలీ కోర్టులో పెట్టుకోం. "లోపల ఏం చెప్పమంటారు అక్కా?" అని అడగొద్దు. మీ సాక్ష్యం మీకు నేర్పడం మాకు నిషిద్ధం. తెలియకపోతే తెలియదనండి, ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనండి, అంతవరకే చెప్పగలను.

రాజీ మాటలు తరచుగా అక్కడే, కారిడార్‌లోనే వస్తాయి. విడాకుల డబ్బు కేసుల్లో మధ్యలో ఒక హియరింగ్ అచ్చంగా దీనికోసమే పెడతారు. జడ్జి తన అంచనా చెబుతారు, రాజీ కుదరకపోతే చివరి విచారణ చేసేది ఆ జడ్జి కాదు. కాబట్టి అక్కడ మనసు విప్పి మాట్లాడొచ్చు. దెబ్బల కేసులో 'పార్ట్ 36' ఆఫర్, అంటే ఇంత ఇస్తాం రాజీపడదామని అవతలివాళ్లు పంపే ఉత్తరం, వస్తే ఒప్పుకోవడానికి మామూలుగా 21 రోజులుంటాయి. కాదని కోర్టుకెళ్లి అంతకన్నా ఎక్కువ తెచ్చుకోలేకపోతే, ఆ గడువు దాటాక అవతలివాళ్లకైన ఖర్చు మీ పరిహారంలోంచే పోవచ్చు. ఆఫర్ ఉత్తరం వచ్చిన రోజే సొలిసిటర్‌కి చెప్పండి, పద్దెనిమిదో రోజు కాదు.

ఆర్డరు డ్రాఫ్టు చేసేది చాలాసార్లు మేమే. పంపిన సాయంత్రమే చదవండి. ఒక నాన్నకి శుక్రవారం ఐదింటికి పాపని తీసుకోవాలని రాసి ఉంది, ఆయన షిఫ్టు దిగేది ఆరింటికి. ముగ్గురు లాయర్లం చూశాం, ఎవరికీ తట్టలేదు. బస్సులో ఇంటికెళ్తూ ఆయనే చూసి ఫోన్ చేశాడు. ఆర్డరు మీద ఇంకా కోర్టు సీలు పడలేదు, ఐదుని ఆరున్నర చేశాం.