టీమ్‌కి త్రీలు పడనప్పుడు ఏం చేయాలి

బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో ఇరవై త్రీలు, అంటే గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు, వేస్తే మూడే పడ్డాయనుకోండి. మర్నాడు ప్రాక్టీస్‌లో జరిగేది ఒకటే, అందరినీ గీత చుట్టూ నిలబెట్టి తలా వంద షాట్లు వేయించడం. మా కాలేజీ టీమ్‌లో రెండు సీజన్లు ఇదే తంతు. నేను ఆడింది తక్కువ, బెంచీ మీద కూర్చుని స్కోర్ రాసింది ఎక్కువ, అందుకని లెక్కలన్నీ నా నోట్‌బుక్‌లోనే ఉండేవి. ప్రాక్టీస్‌లో పదికి ఆరు వేసేవాడు మ్యాచ్‌లో పదికి రెండు వేస్తున్నాడు, ఇంకో వంద వేయిస్తే ఏం మారుతుంది సార్ అని అడగాలని ఉండేది గానీ నోరు పెగిలేది కాదు. తర్వాత జూనియర్లకి ప్రాక్టీస్ చేయించేటప్పుడు తెలిసొచ్చింది, చాలా టీమ్‌లలో షూటర్ చేయి బాగానే ఉంటుంది, చెడేది ఆ చేతికి బంతి చేరే దారిలో.

ముందు అసలు జబ్బు ఉందో లేదో చూసుకోండి. అమెరికా కాలేజీల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్ పురుషుల టీమ్‌ల సగటే వందకి 34 దగ్గర తిరుగుతుంది. మీ టీమ్ నిజంగా మూడింట ఒకటి వేయగలదే అనుకున్నా, ఇరవై షాట్లకి మూడో అంతకన్నా తక్కువో పడే రోజు సుమారు పదహారు మ్యాచ్‌లకి ఒకసారి వస్తుంది, ఎవరి తప్పూ లేకుండానే. అంటే ముప్పై మ్యాచ్‌ల సీజన్‌లో అలాంటి రాత్రులు ఒకటో రెండో ఉంటాయనే అనుకోవాలి. వాటికి టెన్షన్ పడి ఆటంతా మార్చేస్తే ఉన్నదీ పోతుంది. అయిదారు మ్యాచ్‌లు ఆగి ఓ వంద షాట్లు పోగయ్యాక చూడండి, వందకి పాతిక కూడా పడకపోతే అప్పుడు పని మొదలుపెట్టాలి. పాతిక శాతం త్రీలంటే గీత లోపలి రెండు పాయింట్ల షాట్లు 37.5 శాతం వేసినట్టే లెక్క, దాంతో మ్యాచ్‌లు గెలవడం కష్టం.

పని మొదలయ్యేది బంతితో కాదు, పెన్సిల్‌తో. ఆడని కుర్రాడికి ఒక నోట్‌బుక్ ఇచ్చి ప్రతి త్రీకి నాలుగు సంగతులు రాయమనండి: పాస్ అందుకుని నేరుగా వేశాడా లేక డ్రిబుల్ చేసి వేశాడా, ఎదురుగా డిఫెండర్ ఉన్నాడా, పాస్ ఎక్కడ అందింది, తప్పిన బంతి ఎటు తప్పింది. నాలుగోది అందరూ వదిలేస్తారు, నన్నడిగితే అదే అన్నిటికన్నా ముఖ్యం. కుడికో ఎడమకో తప్పుతుంటే మోచేయో, పాదాల దిశో, పక్కన ఆసరాగా పెట్టిన చేతి బొటనవేలో అడ్డొస్తోందన్నమాట. రింగ్ ముందు అంచుకి తగిలి ఆగిపోతుంటే, అదీ నాలుగో క్వార్టర్‌లోనే ఎక్కువగా, అది కాళ్ల అలసట, చేతిని సరిచేస్తే పోయేది కాదు.

దాని పక్కనే ఫ్రీ త్రోల, అంటే ఫౌల్ అయితే దక్కే షాట్ల, లెక్క పెట్టండి. ఫ్రీ త్రోకి అడ్డొచ్చేవాడుండడు, పాస్ గొడవుండదు, కాబట్టి చేతివాటం ఎలా ఉందో అక్కడ దాచుకోలేరు. ఫ్రీ త్రోలు 75 శాతం వేస్తూ త్రీలు 26 దగ్గరే ఆగిపోయిన పిల్లాడి ఫామ్, అంటే షాట్ వేసే తీరు, జోలికి వెళ్లొద్దు, అతనికి దొరుకుతున్న షాట్లే చెత్తవి. ఫ్రీ త్రోలు కూడా 55 దగ్గరే ఉన్నవాడికి మాత్రం రింగ్‌కి అయిదడుగుల దూరంలో ఒంటి చేత్తో షూటింగ్ నుంచి మొదలెట్టాలి, అదీ సీజన్ అయ్యాక. సీజన్ మధ్యలో ఫామ్ మార్చడమంటే నడిచే బండి చక్రం విప్పడమే.

కాలేజీలో మొదటి ఏడాది పిల్లల విషయంలో గీత దూరాన్ని కూడా గుర్తుంచుకోవాలి. అమెరికాలో హైస్కూల్ గీత 19 అడుగుల 9 అంగుళాలే, కాలేజీ పురుషుల గీత 2019-20 నుంచి అంతర్జాతీయ దూరానికి, అంటే 6.75 మీటర్లకి జరిగింది, 22 అడుగులు దాటినట్టే. ఆ రెండడుగుల చిల్లరకి భుజం బలం వాడబోతారు, షాట్ చదునుగా వెళ్లిపోతుంది. చదునైతే ఏమవుతుందో కొలతల్లో చూడండి. రింగ్ వెడల్పు 45 సెంటీమీటర్లు, బంతి సుమారు 24. బంతి 45 డిగ్రీల కోణంలో దిగితే దానికి కనబడే ఖాళీ 32 సెంటీమీటర్లు. అదే 30 డిగ్రీల్లో దిగితే ఖాళీ 22 చిల్లర, అంటే బంతికన్నా చిన్నది, అంచుకి తగలకుండా లోపలికి పోవడమన్నది జరగదు. కాబట్టి 'ఇంకా గట్టిగా వెయ్యి' అనకండి, 'మోకాళ్లు వంచి ఎత్తుగా వెయ్యి' అనండి.

ఇక నేను ఎక్కువసేపు నిలబడే చోటు, పాస్. మ్యాచ్ వీడియో ఉంటే ఒక్క షాట్‌ని నెమ్మదిగా నడిపి చూడండి. లోపలికి దూసుకెళ్లిన గార్డ్ (బంతిని నడిపించే ఆటగాడు) కార్నర్‌లో, అంటే కోర్టు మూలలో, ఖాళీగా ఉన్న షూటర్‌ని చూశాడు, మంచిదే, కానీ పాస్ మోకాలి దగ్గరికి వేశాడు. షూటర్ వంగి అందుకున్నాడు, నడుము లేపాడు, బంతిని వేళ్లలో సర్దుకున్నాడు, పాదాలు ఇంకా సైడ్‌లైన్ వైపే ఉన్నాయి, వాటిని తిప్పుకునేసరికి ఎక్కడో లోపలున్న డిఫెండర్ చేయెత్తి మొహం మీదికొచ్చేశాడు. స్కోర్ షీట్‌లో అది షూటర్ తప్పిన షాట్. నా నోట్‌బుక్‌లో అది గార్డ్ తప్పిన పాస్. పాస్ నడుముకీ ఛాతీకీ మధ్య, షూట్ చేసే చేతి వైపు రావాలి, షూటర్ కూడా బంతి గాల్లో ఉన్నప్పుడే మోకాళ్లు వంచి చేతులు చూపిస్తూ రెడీగా ఉండాలి, బంతి చేతికొచ్చాక కాళ్లు సర్దుకుంటే ఆలస్యమైనట్టే. కార్నర్‌లో అయితే గీతకీ సైడ్‌లైన్‌కీ మధ్య 90 సెంటీమీటర్లే, పెద్ద బూట్లవాడు కిందకి చూడకుండా నిలబడటం నేర్చుకోవాల్సిందే, గీత తొక్కి వేసిన త్రీకి రెండే పాయింట్లు.

అందుకే ప్రాక్టీస్‌లో నిలబడి వందలు వేయించడం ఆపి ఇలా చేయించండి. ఇద్దరిద్దరు. ఒకడు డ్రిబుల్ చేస్తూ రింగ్ దాకా వెళ్లి బయటికి పాస్ ఇవ్వాలి, రెండోవాడు వేయాలి, మూడోవాడుంటే చేయెత్తి మీదికి పరిగెత్తాలి. పాస్ మోకాలి దగ్గరికో తలపైకో పోతే షాట్ వేయకూడదు, పాస్ ఇచ్చినవాడు కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తి రావాలి. నేను ఈ రూల్ పెట్టిన మొదటి రోజు గార్డ్‌లు తెగ తిట్టుకున్నారు, రెండో వారానికి పాసులు వాటంతట అవే ఛాతీ ఎత్తుకి వచ్చాయి. ఎన్ని వేశారన్నది కాకుండా ఎన్ని పడ్డాయన్నది లెక్కపెట్టండి, చివరి పది నిమిషాలూ పరుగులు పెట్టించాక, ఆయాసం మీద ఉన్నప్పుడు వేయించండి. మ్యాచ్‌లో ఊపిరి తీసుకోనిచ్చి ఎవరూ షాట్ వేయనివ్వరు కదా.

త్రీలు పడవని తెలిస్తే ఎదుటి టీమ్ జోన్‌లోకి, అంటే మనిషిని కాకుండా తలా ఒక చోటు కాసే డిఫెన్స్‌లోకి, వెళ్లి లోపలంతా మూసేస్తుంది. అప్పుడు మనవాళ్లు గీత బయటే బంతిని అటూ ఇటూ తిప్పి, షాట్ క్లాక్ (షాట్ వేయడానికిచ్చే గడువు) అయిపోతుంటే ఎవరో ఒకరు గాల్లోకి విసురుతారు. ముందు ఇద్దరు, వెనక ముగ్గురు కాసే 2-3 జోన్ అయితే ఫ్రీ త్రో గీత దగ్గర బాగా పాస్ ఇవ్వగలవాణ్ణి నిలబెట్టి బంతి ముందు అతనికి చేర్చండి. నలుగురి కళ్లూ అటు తిరుగుతాయి, అక్కడి నుంచి బయటికొచ్చే పాస్‌కి షూటర్ రింగ్‌కి ఎదురుగానే ఉంటాడు. పక్క నుంచి పక్కకొచ్చే పాస్‌కన్నా ఇది అందుకుని వేయడం సులువు.

ఎవరు వేయాలో కూడా మొహమాటం లేకుండా చెప్పేయాలి. టీమ్‌లో ముగ్గురో నలుగురో షూటర్లుంటారు, మిగతావాళ్లకి ఇంకో పాస్ ఇవ్వడమే పని. ఆ ముగ్గురు మాత్రం ఖాళీ దొరికితే వేయాల్సిందే. రెండు తప్పగానే బెంచీకి పిలిచేస్తే మూడోసారి బంతి అందినప్పుడు వాడు రింగ్ వైపు కాదు, మీ మొహం వైపు చూస్తాడు, ఆ అర సెకనులోనే డిఫెండర్ వచ్చేస్తాడు. తప్పిన ఖాళీ షాట్‌కి తిట్టకండి, వేయకుండా వదిలేసిన ఖాళీ షాట్‌కి తిట్టండి.

ఇవన్నీ చేశాక కూడా ఏమీ పడని రాత్రి ఒకటుంటుందని ముందే చెప్పాను. ఆ రోజు డ్రైవ్‌లు, అంటే డ్రిబుల్ చేస్తూ రింగ్ వైపు దూసుకెళ్లడాలు, పెంచి ఫౌల్‌లు తెచ్చుకుని ఫ్రీ త్రోల మీద బతకాలి. త్రీ తప్పితే బంతి రింగ్ నుంచి దూరంగా ఎగిరిపడుతుంది, అది వాళ్ల చేతికి చిక్కితే క్షణంలో మన బోర్డు కింద ఉంటారు, కాబట్టి షాట్ గాల్లోకి లేవగానే ఇద్దరు గార్డ్‌లూ వెనక్కి పరిగెత్తాలి, పడిందా లేదా అని నిలబడి చూడకుండా.