రిజల్ట్స్ టైముకి సైట్ పడిపోకుండా ఏం చేయాలి: ఒక చిన్న సర్వర్ కథ

సోమవారం సాయంత్రం 6:02. గుంటూరులో నేను సైట్ చూసిపెట్టే కోచింగ్ సంస్థ మేనేజర్ నుంచి ఫోన్. "ఏంటండీ, సైట్ తెరుచుకోవట్లేదు? పేరెంట్స్ అందరూ నాకే చేస్తున్నారు." ఆదివారం రాసిన టెస్టు మార్కులు సోమవారం 6 గంటలకు పెడతాం. పిల్లలు సుమారు 4,000 మంది. సర్వర్ చిన్నదే: 4 జీబీ ర్యామ్, ముందు రిక్వెస్టులు అందుకునే ఇంజిన్‌ఎక్స్, వెనక పేజీ తయారుచేసే పీహెచ్‌పీ, దాని వెనక మార్కులు దాచే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్.

టెన్షన్‌లో నేను చేసిన మొదటి పని పీహెచ్‌పీ వర్కర్లను, అంటే ఒక్కోసారి ఒక్కో రిక్వెస్ట్ చూసే ప్రోగ్రాములను, 20 నుంచి 80కి పెంచడం. ఒక్కో వర్కర్ 40 ఎంబీ దాకా తింటుంది. ఎనభై నలభైలు 3,200. మైఎస్‌క్యూఎల్‌కి మిగిలింది దాదాపు సున్నా. సర్వర్ స్వాప్‌లోకి దిగింది, అంటే ర్యామ్ చాలక నెమ్మదైన డిస్కును వాడటం మొదలుపెట్టింది. అప్పటిదాకా కొందరికైనా కనిపిస్తున్న మార్కులు ఇక ఎవరికీ కనిపించలేదు. లాగిన్ అయి ఆ మార్పు వెనక్కి తీయడానికే నాకు ఇరవై నిమిషాలు పట్టింది.

పెళ్ళి భోజనాల దగ్గర బంతికి ఇరవై విస్తళ్ళు వేసే చోట ఎనభై వేస్తే ఏమవుతుంది? వంటవాళ్ళు అంతే, పొయ్యిలు అంతే. అందరి ఆకుల్లోనూ పప్పు పడుతుంది, అన్నం మాత్రం ఎవరికీ రాదు. నేను చేసింది అదే. కాబట్టి మీ సైట్ మీద ఒత్తిడి పడితే ముందు సర్వర్ వైపు చెయ్యి పెట్టకండి. లాగ్ చూడండి, అంటే వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌నీ సర్వర్ రాసుకునే చిట్టా.

ముందు లెక్క వేసుకోండి

తెలియాల్సిన అంకెలు రెండే. వర్కర్లు ఎంతమంది, ఒక్కో రిక్వెస్ట్ వాళ్ళ దగ్గర ఎంతసేపు ఉంటోంది. ఇంజిన్‌ఎక్స్ లాగ్ ఫార్మాట్‌లో రిక్వెస్ట్ టైమ్, అప్‌స్ట్రీమ్ రెస్పాన్స్ టైమ్ (వెనకున్న పీహెచ్‌పీ జవాబివ్వడానికి పట్టిన సమయం) అనే రెండు వేరియబుల్స్ కలిపితే రెండో అంకె తెలుస్తుంది. మొదట్నుంచీ ఇవి లాగ్‌లో ఉండవు, మనమే చేర్చుకోవాలి.

నా దగ్గర ఒక్కో రిక్వెస్ట్‌కి 0.4 సెకను పడుతోంది. ర్యాంకు కోసం ప్రతిసారీ 4,000 మంది మార్కులు తిరగేసే క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) రాశాను మరి. 20 మంది వర్కర్లు, మనిషికి 0.4 సెకను, అంటే సెకనుకు 50 రిక్వెస్టులు. అది నా వంటశాల సత్తా. వస్తున్నవి ఎన్ని? పేజీలో నేనే పెట్టిన జావాస్క్రిప్ట్ ఒకటుంది, 5 సెకన్లకోసారి "మార్కులు వచ్చాయా" అని సర్వర్‌ని అడుగుతుంది. 4,000 ఫోన్లను 5తో భాగిస్తే సెకనుకు 800. పిల్లలు చేత్తో కొట్టే రిఫ్రెష్‌లు ఇందులో కలపలేదు. ఎవరో దాడి చేశారేమోనని ఐపీలు (రిక్వెస్ట్ ఏ కనెక్షన్ నుంచి వచ్చిందో చెప్పే నంబర్లు) వెతుకుతూ కూర్చున్నాను కానీ, దాడి చేసింది నా కోడే.

లాగ్‌లో ఇంకో వింత: 499 అనే కోడ్ వరసగా. అది ఇంజిన్‌ఎక్స్ సొంతంగా పెట్టుకున్న నంబరు. జవాబు వచ్చేలోపే అవతలివాడు కనెక్షన్ మూసేశాడని అర్థం. పిల్లవాడు విసిగిపోయి రిఫ్రెష్ కొట్టాడు. పాత రిక్వెస్ట్ మాత్రం పీహెచ్‌పీ వరసలో అలాగే ఉంది. వంతు రాగానే వర్కర్ దాన్ని తీసుకుని క్వెరీ అంతా నడిపి జవాబు తయారుచేస్తాడు. తినేవాడు లేచి వెళ్ళిపోయిన ఆకులో వడ్డిస్తూనే ఉన్నామన్నమాట. మీ లాగ్‌లో 499లు పెరుగుతుంటే సర్వర్ చేస్తున్న పనిలో సగం ఎవరికీ అందడం లేదేమోనని అనుమానించండి.

అడిగేవాడికి ఓపిక నేర్పడం

ఎక్కువ ఫలితం ఇక్కడే వచ్చింది కాబట్టి ఎక్కువసేపు చెప్తాను.

నా పాత కోడ్‌లో సెట్ ఇంటర్వల్ అనే జావాస్క్రిప్ట్ టైమర్ వాడాను. అది గడియారం లాంటిది, జవాబు వచ్చిందా లేదా అని చూడదు. సర్వర్ 12 సెకన్లు తీసుకుంటే ఈలోపు అదే ఫోన్ నుంచి ఇంకో రెండు రిక్వెస్టులు బయల్దేరతాయి. సర్వర్ ఎంత నెమ్మదిస్తే అంత ఎక్కువమంది మీద పడతారు. దాన్ని తీసేసి ఒక్కసారే మోగే సెట్ టైమౌట్ పెట్టండి. జవాబు వచ్చాక, లేదా తప్పిపోయిందని తేలాక మాత్రమే తర్వాతి అడుగుడికి టైమర్ మొదలుకావాలి.

రెండోది వ్యవధి. 5 సెకన్లు ఎందుకు పెట్టానంటే "లైవ్‌లా ఉండాలండీ" అన్నారు మేనేజర్ గారు. టెస్టు మార్కులు క్రికెట్ స్కోరు కాదు. 30 సెకన్లు చేశాను. 4,000ని 30తో భాగిస్తే సెకనుకు 133. ఎవరూ కంప్లైంట్ చేయలేదు.

మూడోది, అందరూ ఒకే క్షణంలో అడగకుండా చూడటం. 30 అని రాస్తే, ఒకసారి సర్వర్ ఆగి లేచిన తర్వాత అందరి టైమర్లూ కలిసిపోతాయి. ప్రతి 30 సెకన్లకీ ఒక అల. అందుకే 20 నుంచి 40 మధ్య ఏదో ఒక అంకె ఎవరికి వారు ఎంచుకునేలా రాశాను. దీన్ని జిట్టర్ అంటారు. కొత్త ఆలోచనేమీ కాదు. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ ఏబ్రమ్సన్ బృందం దీవుల మధ్య రేడియోతో అలోహానెట్ అనే నెట్‌వర్క్ నడిపింది. ఇద్దరు ఒకేసారి పంపి ఢీకొంటే ఇద్దరూ ఒకే వ్యవధి ఆగి మళ్ళీ పంపితే మళ్ళీ ఢీకొంటారు కదా. అందుకని ఎవరికి తోచినంతసేపు వాళ్ళు ఆగేలా చేశారు. యాభై ఏళ్ళ తర్వాత నేను అదే తప్పు చేశాను.

తప్పు జవాబు వచ్చినప్పుడు ఆగే సమయం పెరుగుతూ పోవాలి. మొదటిసారి 2 సెకన్ల లోపు, తర్వాత 4 లోపు, 8, 16, అలా 60 దాకా. "లోపు" అన్నమాట గమనించండి. 8 సెకన్లు కచ్చితంగా కాదు, సున్నా నుంచి 8 మధ్య ఎక్కడైనా. 429 (మరీ ఎక్కువసార్లు అడుగుతున్నావు), 502, 503, 504 (సర్వర్ ఇప్పుడు ఇవ్వలేకపోతోంది) అనే కోడ్‌లు వస్తేనో, నెట్ పోతేనో మళ్ళీ అడగొచ్చు. 400, 401, 404 (అడిగిందాంట్లోనే తేడా ఉంది) వస్తే వెంటనే మళ్ళీ అడిగి లాభం లేదు, జవాబు మారదు. పైగా మళ్ళీ ప్రయత్నించే పని ఒక్క చోటే ఉండాలి. బ్రౌజర్ మూడుసార్లు, పీహెచ్‌పీ మూడుసార్లు, డేటాబేస్ లైబ్రరీ మూడుసార్లు ప్రయత్నిస్తే ఒక్క వేలి నొక్కుడు డేటాబేస్ దగ్గరికి 27 అవుతుంది.

పేజీ కనిపించనప్పుడు అడగడం ఆపేయండి. ట్యాబ్ దాగిందా లేదా అని బ్రౌజర్ చెప్తుంది, విజిబిలిటీ ఛేంజ్ అనే ఈవెంట్ వినాలి. ఇక్కడ చిన్న మెలిక: పేజీ మళ్ళీ కనిపించగానే వెంటనే అడిగేలా రాస్తాం కదా. 6 గంటలకు అందరూ ఫోన్ ఒకేసారి తీస్తారు. అక్కడా రెండు మూడు సెకన్ల జిట్టర్ పెట్టండి.

వండి పెట్టుకోవడం

ర్యాంకు సోమవారం మధ్యాహ్నానికే ఖరారు. 6 గంటలకు 4,000 సార్లు లెక్కపెట్టడం ఎందుకు? ఇప్పుడు ముందే లెక్కకట్టి పిల్లవాడికో చిన్న ఫైల్ చొప్పున డిస్కు మీద రాసి పెడుతున్నాను. ఫైల్ పేరుకి హాల్‌టికెట్ నంబర్ వాడొద్దు. నంబర్లు వరసగా ఉంటాయి, పక్కవాడి మార్కులు చూడటానికి ఒకటి కలిపితే చాలు. లాగిన్ అయినప్పుడే ప్రతివాడికీ ఊహించలేని పొడవాటి అక్షరాల వరస ఒకటి ఇస్తాను, ఫైల్ పేరు అదే. ఆ ఫైళ్ళకు క్యాష్ కంట్రోల్ హెడర్‌లో (జవాబు ముందు వెళ్ళే సూచన) ప్రైవేట్ అని ఉంటుంది, అంటే దారిలో ఎవరూ కాపీ దాచుకోకూడదని.

ఫోన్లు అడిగేది మాత్రం ఆ ఫైల్‌ని కాదు. "ఏ టెస్టు మార్కులు వచ్చాయి" అని చెప్పే 40 బైట్ల ఫైల్ ఒకటే అందరికీ. దాన్ని ఇంజిన్‌ఎక్స్ నేరుగా ఇస్తుంది, పీహెచ్‌పీ నిద్ర లేవనక్కర్లేదు. సెకనుకు 133 అంటే దానికి లెక్కే కాదు. ఆ ఫైల్ మారిందని తెలిశాక ఒక్కో ఫోన్ సున్నా నుంచి 20 సెకన్ల మధ్య ఆగి తన మార్కుల ఫైల్ తెచ్చుకుంటుంది. స్క్రీన్ మీద "మీ మార్కులు వస్తున్నాయి" అని కనిపిస్తే ఎవరూ రిఫ్రెష్ కొట్టరు. తెల్ల స్క్రీన్ కనిపిస్తే కొడతారు.

లోగో, స్టైల్‌షీట్ లాంటివాటిని బ్రౌజర్ ఏడాది దాచుకునేలా క్యాష్ పెట్టి, మార్చినప్పుడల్లా ఫైల్ పేరు మార్చడం అందరికీ తెలిసిందే. ఈ-ట్యాగ్ (ఫైల్ మారిందా లేదా తెలిపే గుర్తు) గురించి ఒక మాట: మారలేదని తెలిస్తే సర్వర్ 304 అని చెప్పి అసలు ఫైల్ పంపదు. 2 ఎంబీ సొల్యూషన్ పీడీఎఫ్‌కి అది బంగారం. 40 బైట్ల ఫైల్‌కి దండగ, హెడర్లే అంతకన్నా పెద్దవి.

కాదనడం నేర్చుకోవడం

ఎంత చేసినా సత్తాకు మించి జనం వచ్చే రోజు ఉంటుంది. లోపలికి రానిచ్చి చంపడం కన్నా గుమ్మం దగ్గరే "కాసేపాగి రండి" అనడం మర్యాద. తిరుమలలో టైమ్ స్లాట్ టోకెన్ ఇచ్చేది అందుకే కదా. హెచ్‌టీటీపీలో ఆ టోకెన్ పేరు రిట్రై ఆఫ్టర్. 429 లేదా 503తో పాటు ఎన్ని సెకన్లు ఆగాలో ఆ హెడర్‌లో చెప్పొచ్చు. మీ జావాస్క్రిప్ట్ దాన్ని చదివి పాటించాలి, పైన కాస్త జిట్టర్ కలుపుకుని. జావాస్క్రిప్ట్ అడిగే సర్వర్ చిరునామా (ఏపీఐ) పేజీది కాక వేరే డొమైన్‌లో ఉంటే సర్వర్ ఆ హెడర్‌ని ప్రత్యేకంగా ఎక్స్‌పోజ్ చేస్తే తప్ప జావాస్క్రిప్ట్‌కి కనిపించదు. ఈ ఒక్క విషయం మీద నాకు ఒక పూట పోయింది.

ఇంజిన్‌ఎక్స్‌లో రిక్వెస్టుల వేగానికి హద్దు పెట్టే లిమిట్ రెక్ అనే సెట్టింగ్ ఉంది. ఐపీకి సెకనుకు 5 అని పెట్టి హాయిగా పడుకున్నాను. మర్నాడు వార్డెన్ ఫోన్: "సార్, మా హాస్టల్లో ఒక్కడికీ రావట్లేదు, బయట అందరికీ వస్తోంది." హాస్టల్ మొత్తానికి ఒకటే వైఫై, బయటికి ఒకటే ఐపీ. మూడొందల మంది పిల్లలు నా సర్వర్‌కి ఒక్క మనిషిలా కనిపించారు. మొబైల్ నెట్‌వర్కుల్లోనూ ఎన్నో ఫోన్లు ఒకే ఐపీ వెనక ఉండటం మామూలే. కాబట్టి లాగిన్ అయినవాళ్ళను సెషన్‌ని (లాగిన్‌లో ఒక్కొక్కరికీ ఇచ్చే గుర్తు) బట్టి లెక్కపెట్టండి. ఐపీ మీద పరిమితి లాగిన్ పేజీకి ఉంచండి, అదీ వదులుగా. ఇంకోటి, లిమిట్ రెక్ దాటితే మామూలుగా 503 ఇస్తుంది. దాన్ని 429 చేసుకుంటే సర్వర్ పడిపోయిందో మనమే ఆపామో లాగ్‌లో తేడా తెలుస్తుంది.

టైమౌట్లు లోపలికి వెళ్ళేకొద్దీ తగ్గాలి. నా దగ్గర బ్రౌజర్ 10 సెకన్లు, ఇంజిన్‌ఎక్స్ 8, పీహెచ్‌పీ 5, డేటాబేస్ క్వెరీ 3. ఇంజిన్‌ఎక్స్ తనంతట తాను 60 సెకన్లు ఎదురుచూస్తుంది, అంత ఓపిక ఏ పేరెంట్‌కీ లేదు. పీహెచ్‌పీలో మాక్స్ ఎగ్జిక్యూషన్ టైమ్ అనే గడువు సెట్టింగ్‌ని నమ్మకండి. లినక్స్ మీద డేటాబేస్ కోసం ఆగిన సమయాన్ని అది లెక్కలోకి తీసుకోదు. పీహెచ్‌పీ వర్కర్లను నడిపే ఎఫ్‌పీఎంలో రిక్వెస్ట్ టెర్మినేట్ టైమౌట్ పెట్టాలి.

డబ్బు కట్టే చోట

మళ్ళీ అడగడం మార్కులు చూసేవాళ్ళకి ఓకే. రీవెరిఫికేషన్ ఫీజు దగ్గర ప్రమాదం. పేమెంట్ అయింది, జవాబు దారిలో పోయింది, ఫోన్ మళ్ళీ పంపింది, రెండుసార్లు కట్ అయింది. ఒక తండ్రికి అలా జరిగింది, డబ్బు తిరిగి ఇచ్చాం కానీ ఆయన దృష్టిలో అది మోసమే. ఇప్పుడు ఫారం తెరిచినప్పుడే పేజీ ఒక ప్రత్యేకమైన కీ తయారుచేసుకుంటుంది. ఎన్నిసార్లు పంపినా అదే కీ. డేటాబేస్‌లో ఆ కీ ఉండే కాలమ్‌కి యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువను రెండోసారి పడనివ్వని ఏర్పాటు) ఉంది, రెండోసారి వస్తే కొత్తగా ఏమీ చేయకుండా మొదటి జవాబే తిరిగి ఇస్తుంది. బటన్‌ని డిసేబుల్ చేస్తే సరిపోతుందనుకోకండి, పేజీ రిఫ్రెష్ చేసేవాణ్ణి అది ఆపలేదు.

టెస్ట్ చేసేటప్పుడు

సర్వర్ మీదకి ఉత్తుత్తి రిక్వెస్టులు పంపే కే6 గానీ డబ్ల్యూఆర్‌కే గానీ వాడండి. ఇంట్లో కూర్చుని కొడితే కొలిచేది మీ ఇంటి నెట్‌ని. గంటల లెక్కన వేరే సర్వర్ అద్దెకు తీసుకుని అక్కణ్ణుంచి కొట్టండి, హోస్టింగ్ వాళ్ళకు ముందే ఒక మాట చెప్పి. 4,000 మంది 20 నుంచి 40 సెకన్లకోసారి అడుగుతున్నట్టు స్క్రిప్ట్ రాయాలి. ఊరికే గరిష్ఠ వేగంతో బాదితే తెలిసేది సర్వర్ ఎక్కడ విరుగుతుందో మాత్రమే, సోమవారం ఏమవుతుందో కాదు. టెస్ట్ మధ్యలో పీహెచ్‌పీని ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి. లేచాక అలలు అలలుగా వస్తున్నాయంటే జిట్టర్ ఎక్కడో మర్చిపోయారు.

ఇంత చేశాక మేనేజర్ గారిని ఒకటి అడిగాను: జూనియర్లకు 5:45, సీనియర్లకు 6:15 పెట్టొచ్చా అని. "అందరికీ ఆరే అని ముహూర్తం చెప్పేశామండీ" అని రెండు వారాలు ఒప్పుకోలేదు. మూడో వారం వాళ్ళ కాల్ సెంటర్ అమ్మాయిలే వెళ్ళి అడిగారు, ఫోన్లు కూడా రెండు విడతలుగా వస్తాయి కదా సార్ అని. అప్పుడు ఒప్పుకున్నారు.