వెబ్‌వ్యూ విండోని షేర్డ్ లైబ్రరీగా కట్టడం ఎలా?

పైథాన్ ప్రోగ్రామ్‌కి హెచ్‌టీఎంఎల్ విండో ఒకటి కావాలనగానే చాలామంది ఎలక్ట్రాన్ అనే ఫ్రేమ్‌వర్క్‌ని దించేస్తారు. ఒక్క సెట్టింగ్స్ పేజీ కోసం, అది వెంట తెచ్చే క్రోమియం బ్రౌజర్ మొత్తాన్ని మోయడం దండగ. రస్ట్ భాషలో వ్రై (వెబ్‌వ్యూ లైబ్రరీ), టావో (విండో లైబ్రరీ) చాలు. అవి సిస్టమ్‌లో ఉన్న వెబ్‌వ్యూనే, అంటే వెబ్ పేజీ చూపించే భాగాన్నే, వాడుకుంటాయి. వాటితో ఆ విండోని షేర్డ్ లైబ్రరీగా, అంటే వేరే ప్రోగ్రామ్‌లు పిలవగల ఫైల్‌గా, కట్టొచ్చు.

కావలసినవి: రస్ట్, లైనక్స్‌లో అయితే వెబ్‌కిట్ జీటీకే 4.1 డెవలప్‌మెంట్ ప్యాకేజీ. విండోస్ 11లో వెబ్‌వ్యూ2 ముందే ఉంటుంది.

1. కార్గో ఫైల్లో క్రేట్ టైప్‌ని సీడైలిబ్‌గా (సి పద్ధతిలో పిలవగల షేర్డ్ లైబ్రరీ) పెట్టండి.

2. బయటికి నాలుగు ఫంక్షన్లే ఇవ్వండి: తయారీ, నడపడం, మెసేజ్ పంపడం, వదిలేయడం. ఐదోది వద్దు. ఆ ఫంక్షన్ల వివరాలుండే సి హెడర్ ఫైల్ చేత్తో రాయకండి, సీబైండ్‌జెన్ అనే టూల్‌తో తీయండి.

3. ఈవెంట్ లూప్, అంటే క్లిక్‌లు, కీలు అందుకుంటూ విండోని నడిపే లూప్. అందరూ బోల్తాపడేది ఇక్కడే. టావో ఉదాహరణల్లో కనిపించే రన్ ఫంక్షన్ తిరిగి రాదు. విండో మూయగానే ప్రాసెస్ మొత్తం ఆగిపోతుంది. సొంత యాప్‌లో అది ఫర్వాలేదు. లైబ్రరీలో అయితే అవతలివాళ్ల ప్రోగ్రామ్, అందులో సేవ్ చేయని పనితో సహా పోతుంది. కాబట్టి విండో మూశాక తిరిగి వచ్చే రన్ రిటర్న్ ఫంక్షన్ మాత్రమే వాడండి.

లూప్‌ని హోస్ట్ (మన లైబ్రరీని పిలిచే ప్రోగ్రామ్) మెయిన్ థ్రెడ్‌లోనే తయారు చేసి, అక్కడే నడపాలి. విండోస్‌లో, లైనక్స్‌లో వేరే థ్రెడ్‌కి అనుమతించే ఆప్షన్ ఉంది. దాని జోలికి వెళ్లకండి. మ్యాక్‌లో ఆ ఆప్షనే లేదు, ప్యానిక్ (రస్ట్ కోడ్‌ని మధ్యలో ఆపేసే ఎర్రర్) అవుతుంది. మీ దగ్గర బాగానే నడిచిన లైబ్రరీ మ్యాక్ వాడేవాళ్ల దగ్గర పేలుతుంది.

వేరే థ్రెడ్ నుంచి పేజీకి ఏదైనా పంపాలంటే వెబ్‌వ్యూని నేరుగా తాకకూడదు. స్ట్రింగ్‌ని కాపీ చేసుకుని, ఈవెంట్ లూప్ ప్రాక్సీ (వేరే థ్రెడ్ నుంచి లూప్‌కి మెసేజ్ చేర్చేది) ద్వారా లూప్‌కి పంపండి. దాన్ని పేజీలో స్క్రిప్ట్‌గా లూపే నడుపుతుంది.

ప్రతి ఫంక్షన్ లోపలా క్యాచ్ అన్‌వైండ్ (ప్యానిక్‌ని పట్టుకునే రస్ట్ ఫంక్షన్) పెట్టి, తప్పు జరిగితే ఎర్రర్ నంబర్ ఇవ్వండి. రస్ట్ 1.81 నుంచి, ఎక్స్‌టర్న్ సి (బయటి ప్రోగ్రామ్‌లు పిలిచే) ఫంక్షన్ దాటబోయిన ప్యానిక్ ప్రాసెస్‌నే అబార్ట్ చేస్తుంది. ఎర్రర్‌ని ఏం చేయాలో తేల్చుకోవాల్సింది హోస్ట్, మన లైబ్రరీ కాదు.

4. బిల్డ్ చేసి, ఎవరికైనా ఇచ్చే ముందు పైథాన్ సీటైప్స్‌తో (సి లైబ్రరీలని పిలిచే మాడ్యూల్) పిలిచి చూడండి. తయారీ ఫంక్షన్‌కి రెస్‌టైప్‌ని (అది తిరిగిచ్చే విలువ రకం) వాయిడ్ పాయింటర్‌గా, అంటే మెమరీ చిరునామాగా, చెప్పాలి. చెప్పకపోతే పైథాన్ దాన్ని మామూలు ఇంటిజర్ అనుకుంటుంది, 64 బిట్ చిరునామాలో సగం తెగిపోతుంది, తర్వాతి కాల్‌కే క్రాష్. కాల్‌బ్యాక్ (లైబ్రరీ తిరిగి పిలిచే పైథాన్ ఫంక్షన్) ఇస్తే దాన్ని ఒక వేరియబుల్‌లో పట్టి ఉంచండి. లేదంటే గార్బేజ్ కలెక్టర్ ఎత్తుకుపోతుంది, పేజీలో బటన్ నొక్కినప్పుడు ప్రోగ్రామ్ కూలుతుంది. ఈ రెండూ హెడర్ పక్కన రీడ్‌మీలో రాసిపెట్టండి.