పోరాసిటీ, పర్మియబిలిటీ తారుమారు కాకుండా

మా పర్లాకిమిడిలో జియాలజీ చదివే పిల్లలు పోరాసిటీ రాయాల్సిన చోట పర్మియబిలిటీ రాసేసి మార్కులు పోగొట్టుకుంటున్నారు. ఇలా ఒక్కసారి చేయిస్తే చాలు.

200 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ గ్లాసు అడుగున గుడ్డ ముక్క వేసి, బాగా ఎండిన మహేంద్రతనయ నది ఇసుక నిండా పోయండి. కొలిచిన నీళ్లు ఇసుక పైకి తేలేదాకా మెల్లగా పోయాలి. 70 మిల్లీలీటర్లు పడితే పోరాసిటీ 35 శాతం. అంటే రేణువుల మధ్య ఉన్న ఖాళీ; రాతిలో చమురు నిలిచేది ఇలాంటి ఖాళీలోనే. ఇప్పుడు అడుగున సూదితో ఆరు చిల్లులు పొడవండి. నీళ్లు ఎంత తేలిగ్గా దిగుతున్నాయన్నది పర్మియబిలిటీ, డార్సీ అనే యూనిట్లలో కొలిచేది ఇదే. బంకమట్టితో చేస్తే దాదాపు దిగవు. అందులో ఖాళీ ఉంది, దారే లేదు! చమురు బావికి రెండూ కావాలి.

ఇసుక తడిగా ఉంటే లెక్క తప్పుతుంది. బంకమట్టి ఉబ్బుతుంది కాబట్టి దాని పోరాసిటీ ఇలా కొలవకండి.