సూర్యగ్రహణం ఫొటోలు తీసే ముందు జాగ్రత్తలు
2027 ఆగస్టు 2న ఈజిప్టులోని లక్సర్‌లో సంపూర్ణ గ్రహణం. మనకు సాయంత్రం పూట పాక్షికమే, కాబట్టి ఇక్కడ ఫిల్టర్ ఒక్క క్షణం కూడా తీయకూడదు.

- సోలార్ ఫిల్టర్ లెన్స్ ముందే ఉండాలి. వెనక పెడితే లెన్స్ పోగుచేసిన వేడికి పగులుతుంది, ఆపై కన్నే పోవచ్చు. ముందురోజే టార్చ్ వెలుగుకు అడ్డుపెట్టి చూడండి. సూదిమొనంత బెజ్జం కనిపించినా పారేయండి. గాలికి ఊడకుండా అంచులకు టేప్ వేయండి.
- ఎక్స్‌రే ఫిల్ము, మసి పట్టిన అద్దం వద్దే వద్దు. పరారుణ కిరణాలు దాటిపోతాయి, కంటికి నొప్పి కూడా తెలియదు.
- లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద చూస్తూ) సూర్యుడి అంచు మీద ఫోకస్ చేసి, లెన్స్ ఫోకస్ రింగు కదలకుండా టేప్ వేయండి. ఓడీ 5 ఫిల్టర్‌తో (వెలుగును లక్షో వంతుకు తగ్గించేది) ఐఎస్ఓ 100, అపెర్చర్ ఎఫ్/8, షట్టర్ 1/500 సెకను దగ్గర మొదలుపెట్టండి.
- షాట్ల మధ్య లెన్స్‌కు మూత.
- చంద్రగ్రహణానికైతే ఫిల్టర్ అక్కర్లేదు, గట్టి ట్రైపాడ్ ఉండాలి.