మూతపడ్డ ఫ్యాక్టరీ స్థలానికి సర్కారు ఖర్చుతో నేల పరీక్ష చేయించడం ఎలా?

చిత్తూరులోనో తిరుపతిలోనో ఊరి మధ్య పాత షెడ్డు ఖాళీ అయితే చాలు, అందరి కళ్లూ దాని మీదే. కాంప్లెక్స్ కడదామంటారు, పార్కు పెడదామంటారు. కింది నేలలో సీసం ఉందా, క్రోమియం ఉందా, పాత ఆయిల్ ఎంత లోతుకు ఇంకింది అని అడిగే నాథుడు ఉండడు. అడిగే ఒకరిద్దరూ తప్పు పద్దు కింద అర్జీ పెట్టి, అది తిరుగుటపాలో వచ్చాక ప్రభుత్వాన్ని తిడతారు.

ముందు పద్దు తేల్చుకోండి. ఉన్నది ఊరి చెత్త గుట్ట అయితే దారి స్వచ్ఛ భారత్ పట్టణ మిషన్ 2.0. అందులో లక్ష నుంచి పది లక్షల జనాభా ఉన్న పట్టణాలకు కేంద్రం వాటా 33 శాతం. 2011 లెక్కల ప్రకారం తిరుపతి, చిత్తూరు రెండూ ఈ వరుసలోకే వస్తాయి. అది కార్పొరేషన్ పెట్టుకోవాల్సిన ఫైలు, మీరు కాదు. ఉన్నది రసాయనం అయితే 2025 జూలైలో కేంద్రం తెచ్చిన కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు వర్తిస్తాయి. చెత్త డంపులు, గనులు, అణుధార్మిక వ్యర్థాలు, సముద్రంలో చమురు వీటి కిందకు రావు. ఉదాహరణకు పాత బ్యాటరీ షెడ్డు గురించి రాస్తూ, పక్కనున్న చెత్త కుప్పనూ అదే అర్జీలో కలపకండి. ఆ ఒక్క వాక్యంతో ఫైలు శానిటేషన్ విభాగానికి పోతుంది, ఇక రాదు.

అర్జీ రాయడం తేలిక. సర్వే నంబరు, ఎఫ్‌ఎంబీ (స్థలం కొలతల సర్వే పటం) నకలు, నాలుగు ఫోటోలు జత చేసి సోమవారం కలెక్టరేట్‌లో ఇవ్వండి, రసీదు తీసుకోండి. అనుమానిత స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి పంపాలి. ఆపై కాలుష్య నియంత్రణ మండలికి ప్రాథమిక పరిశీలనకు 90 రోజులు, వివరమైన సర్వేకు మరో 90 రోజులు గడువు. సొంత డబ్బుతో ల్యాబ్ రిపోర్టు తెచ్చి జత చేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకండి. ఆ పరీక్ష చేయించడం మండలి పని.

అసలు తిప్పలు ఇక్కడినుంచి. మట్టి తీసేది వాళ్లే అయినా, ఎక్కడ తీయాలో చెప్పే స్థల చరిత్ర మీరు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఏమవుతుందో చాలాసార్లు చూశాను. జీపు దిగినవారు ఆగర్ (మట్టి తీసే బర్మా) సులువుగా దిగేచోట, అంటే గేటు పక్కన మెత్తటి ఎర్రమట్టిలో, గుంత తీస్తారు. అక్కడ ఏ ఫ్యాక్టరీ అయినా ఏం పారబోస్తుంది? రిపోర్టు శుభ్రంగా వస్తుంది, స్థలం అమ్ముడుపోతుంది.

కాబట్టి మ్యాపు మీద మూడు గుర్తులు తప్పనిసరి: సరుకు దింపిన చోటు, వ్యర్థాలు వదిలిన చోటు, వర్షపు నీరు బయటికి పారే వైపు. ఇవి ఆఫీసులో దొరకవు. పాత వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని నడవండి. "ఆ చింతచెట్టు వెనక డ్రమ్ములు బోర్లించేవాళ్లు సార్" అని కర్రతో చూపిస్తాడు. అక్కడ గడ్డి మొలవదు, మట్టి నల్లగా అట్టకట్టి ఉంటుంది, చెప్పుతో గీరితే ఆయిల్ వాసన వస్తుంది. డ్రోన్ ఫోటోలతో రంగురంగుల నివేదికలు ఇచ్చే కన్సల్టెంట్లకు ఈ చింతచెట్టు కనబడదు.

ఫ్యాక్టరీకి మండలి ఇచ్చిన పాత అనుమతుల నకళ్లు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో అడగండి. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్‌లోనే, అంతకుముందు కలెక్టరేట్ కాగితాల కోసం చిత్తూరులోనూ అడగాలి.

నమూనాలు తీసే రోజు అక్కడే నిలబడండి. ఐదు చోట్ల మట్టి కలిపి ఒకే సంచిలో వేస్తుంటే ఆపండి. ఒకచోట కిలోకు 1000 మిల్లీగ్రాముల సీసం, మిగతా నాలుగు చోట్ల 20 చొప్పున ఉంటే, కలిపిన సంచి 216 చూపిస్తుంది. విషం ఉన్న చోటు కాగితం మీద మాయమైనట్టే. పైమట్టి ఒకటి, కింద తొలి సహజ నేల తగిలేచోట ఇంకొకటి, విడివిడిగా ఉండాలి. ఆయిల్, సాల్వెంట్ (ఇట్టే ఆవిరయ్యే ద్రావకం) అనుమానం ఉన్న మట్టిని సీసాలో అంచుదాకా నింపి, వెంటనే ఐసు పెట్టెలో పెట్టాలి. ఎండలో జీపులో ఉంటే కొంత ఆవిరై పోతుంది. ప్రహరీ బయట, ఎగువ వైపు ఒక నమూనా తప్పక తీయించండి. మన రాతినేలల్లో కొన్ని లోహాలు, బోరు నీటిలో ఫ్లోరైడ్ సహజంగానే ఉంటాయి. పోల్చడానికి ఆ నమూనా లేకపోతే, "ఇది ఇక్కడి నేల గుణమే" అని ఫ్యాక్టరీ వకీలు ఒక్క మాటతో కొట్టేస్తాడు.

నేల నమూనాలు వేసవిలో, నీటి నమూనాలు ఈశాన్య రుతుపవనం వానలు ఆగిన జనవరిలో. ఇంకో వాదన నాకు వినిపించకండి.

ల్యాబుకు ఆ పరీక్షకు ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందో లేదో చూడండి. కాలుష్యం తేలితే శుద్ధి ఖర్చు కలుషితం చేసినవారిదే. వారు దొరకకపోయినా, భరించలేకపోయినా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఏర్పాటు చేయాలి.

చివరగా, అక్కడ ఏం కట్టబోతున్నారో అర్జీలోనే స్పష్టంగా రాయండి. గోదాముకు సరిపోయే నేల అంగన్‌వాడీకి పనికిరాకపోవచ్చు. "అభివృద్ధి పనుల నిమిత్తం" అని ఊరుకుంటే అన్నిటికన్నా సడలించిన పరిమితితో పోల్చి సంతకం పెట్టేస్తారు.