చలి ముదరకముందే పాము ట్యాంకులో పొట్టు ఒకసారి వాసన చూడండి

పోయిన నెల ఒక రాత్రి పదింటికి ఫోన్ వచ్చింది. మాకు రెండు వీధుల అవతల ఉండే తెలుగువాళ్లు. "అక్కా, పాము నోరు తెరుచుకునే ఉంటోంది. ముక్కు దగ్గర బుడగలొస్తున్నాయి. ఒక్కసారి రాగలరా?" అని ఆవిడ ఏడుపు గొంతుతో అడిగింది. వాళ్ల పన్నెండేళ్ల బాబు రెండేళ్లుగా పెంచుకుంటున్న కార్న్ స్నేక్ అది, ఇక్కడ ఇళ్లలో పెంచుకునే విషం లేని పాము.

వెళ్లి ట్యాంకు మూత తీశాను. పాము కనపడకముందే సంగతి అర్థమైంది. కొత్త పెన్సిల్ చెక్కినప్పుడు వస్తుందే, ఆ వాసన గుప్పున ముఖానికి కొట్టింది. రెండంగుళాల మందాన ఎర్రటి చెక్క పొట్టు, ట్యాంకు కింద హీట్ మ్యాట్ (కరెంటుతో వెచ్చబడే పలక), వేడి పోకుండా జాలీ మూత మీద తువ్వాలు. పాము ఒక మూలకు చేరి, తల పైకెత్తి అద్దానికి ఆనించుకుని ఉంది. "వాసన బాగుందని తెచ్చాం అక్కా, చిన్న జంతువులకు పరిచేదే అని రాసుంది" అన్నారు. అది సీడార్ పొట్టు. ఆ రాత్రే పామును పేపర్ టవల్స్ మీదికి మార్చాం. తెల్లారగానే పాములు చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. మూడు వారాలు ఇంజెక్షన్లు పడ్డాయి. బతికింది. ఇన్నేళ్లలో ఇదే పొట్టు మీద పడుకున్న మరో రెండు పాముల్ని చూశాను, అవి బతకలేదు.

ఇక్కడ టెక్సస్‌లో చలి మొదలవుతోంది. ఇంట్లో హీటర్ వేస్తాం, కిటికీలు మూసేస్తాం, పాముకి వెచ్చగా ఉండాలని పొట్టు మందంగా పోస్తాం. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. నీళ్ల గిన్నె, మూతకు క్లిప్పులు, తిండిగా వేసే ఎలుక పిల్ల సైజు లాంటివి మీకు తెలిసే ఉంటాయి. నేను అడుగున పరిచే దాని గురించే చెబుతాను.

సీడార్ ఎందుకు వద్దు

ఉన్ని బట్టలకు పురుగు పట్టకుండా పెట్టెల్లో వేసే చెక్క ఇదే. మన ఇళ్లలో బీరువాలో కలరా ఉండలు వేసినట్టు ఇక్కడ సీడార్ ముక్కలు వేస్తారు. మనకు హాయిగా అనిపించే ఆ వాసనంతా చెక్కలోంచి ఆవిరయ్యే నూనెలే. కింద హీట్ మ్యాట్ వెచ్చబెడుతుంటే అవి ఇంకా ఎక్కువ లేస్తాయి. పైన తువ్వాలు కప్పితే పోవడానికి దారి ఉండదు. మనం గదిలోకి వచ్చి పోతుంటాం. పాము మాత్రం రోజుకు ఇరవై నాలుగు గంటలూ అందులోనే, అదీ పొట్టులో తల దూర్చి పడుకుంటుంది.

దాని ఒళ్లు కూడా మనలా కాదు. కార్న్ స్నేక్‌కి పనిచేసేది దాదాపు ఒక్క కుడి ఊపిరితిత్తే, ఎడమది పేరుకే ఉంటుంది. మనకున్నట్టు డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే ఊపిరి కండరం) లేదు కాబట్టి గట్టిగా దగ్గి కఫం బయటికి నెట్టలేదు. లోపల పొర ఒరుసుకుపోయి నీరు చేరితే అది అక్కడే ఉండిపోతుంది, దాని మీద ఇన్‌ఫెక్షన్ పట్టుకుంటుంది. పైగా నాలుక చాపిన ప్రతిసారీ వాసనను నోటి పైభాగంలోని అవయవానికి చేరవేసుకుంటుంది. దాని లోకమంతా వాసనే. ఆ లోకాన్ని మనం పెన్సిల్ పొట్టుతో నింపేస్తున్నాం.

అందుకే నేను ఎవరికి చెప్పినా మొదట ఇదే చెబుతాను: ఘాటుగా వాసన వచ్చే పొట్టు వద్దు. చాలామంది సీడార్ అని పైనే రాసున్న ప్యాకెట్ దగ్గర జాగ్రత్తపడి మిశ్రమాల దగ్గర మోసపోతారు. కుందేళ్లకు, కుక్క పరుపులకు అమ్మే కలగలుపు పొట్టులో సీడార్ కొంచెం కలుపుతారు, వాసన కోసమే. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు చదవండి. పైన్ కూడా వాసన వచ్చే చెక్కే, బట్టీలో బాగా ఆరబెట్టింది ఫర్వాలేదనే వాళ్లున్నారు. నేను వాడను, ఇంకొకరిని వాడమనను.

మరి ఏం పరచాలి

ఎక్కువమంది వాడేది ఆస్పెన్ అనే చెట్టు చెక్క పొట్టు. చిత్రిక పట్టినప్పుడు చుట్టలు చుట్టలుగా వస్తుందే, అలా ఉంటుంది. తెల్లగా, దాదాపు వాసన లేకుండా ఉంటుంది. మూడంగుళాలు పోస్తే పాము అందులో సొరంగం చేసుకుంటుంది, ఆ సొరంగం కూలదు కూడా. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల అడవుల్లో ఆకుల కింద, బెరడు కింద, ఎలుక బొరియల్లో పగలంతా దాక్కునే ప్రాణి ఇది. మన జెర్రిపోతుకు దూరపు చుట్టం. దాక్కోవడానికి లోతు లేకపోతే కుదురుగా ఉండదు, కొన్ని తిండి కూడా మానేస్తాయి. ఆస్పెన్‌తో ఒకటే చిక్కు, తడిస్తే బూజు పడుతుంది. నీళ్ల గిన్నె చుట్టూ రోజూ వేలు పెట్టి చూడండి.

ఇల్లు బాగా పొడిగా ఉండేవాళ్లకు కొబ్బరి పొట్టు మంచిది. మన దేశం నుంచి, శ్రీలంక నుంచి ఇటుకల్లా నొక్కి వస్తుంది. నానబెట్టి, పిండి, ఆరబెట్టాలి. గుప్పెడు తీసి పిడికిలి బిగించండి. నీటి చుక్క రాకూడదు, వేలితో తాకగానే ముద్ద విడిపోవాలి. మొక్కల కోసం అమ్మే కోకోపీట్‌లో ఎరువు కలిపింది ఉంటుంది, అది పాముకు పనికిరాదు. సైప్రస్ మల్చ్ (తోటల్లో పరిచే సైప్రస్ చెట్టు చెక్క తురుము) కూడా బాగుంటుంది గానీ తోటల దుకాణంలో కొంటే అందులో వేరే చెక్క కలిసిందేమో చూడండి. ఇక్కడా మళ్లీ అదే మాట: ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి.

కొత్తగా తెచ్చిన పాముకి, జబ్బుగా ఉన్నదానికి, పిల్ల పాముకి పేపర్ టవల్సే. అందంగా ఉండదు, కానీ రెట్ట ఎలా ఉందో, పురుగు ఉందో లేదో తెల్ల కాగితం మీద వెంటనే కనపడుతుంది. కనీసం మొదటి నెలంతా అదే.

పేరులో మొక్కజొన్న ఉంది కదా అని కండెల పొట్టు పరిచినవాళ్లను చూశాను. ఆ పేరు మొక్కజొన్న గాదెల దగ్గర ఎలుకల కోసం తిరుగుతుంది కాబట్టి వచ్చిందంటారు. కండె ముక్క తిండితో పాటు లోపలికి పోతే పేగులో అడ్డం పడుతుంది, తడిస్తే బూజు పడుతుంది.

ఇక మిగిలినవి వరసగా చెబుతాను, పాటించండి.

ఇసుక వద్దు. కాల్షియం ఇసుక అని అమ్మేది అసలే వద్దు. వాల్‌నట్ పెంకుల పొడి వద్దు, అంచులు గీసుకుపోతాయి.

హీట్ మ్యాట్‌కు థర్మోస్టాట్ (వేడి హద్దు దాటకుండా ఆపే పరికరం) లేకుండా ఒక్క రాత్రి కూడా వదలొద్దు. పాము పొట్టు తవ్వుకుని అద్దం దాకా దిగుతుంది. మీరు చూడాల్సింది పొట్టు పైన వేడి కాదు, కింద అద్దం వేడి. వెచ్చటి వైపు 85 నుంచి 88 ఫారెన్‌హీట్ చాలు.

కుబుసం సరిగ్గా విడవడం లేదని ట్యాంకంతా నీళ్లు చల్లొద్దు. తడి పొట్టు మీద పడుకుంటే పొట్ట కింది పొలుసులు ఎర్రబడి కుళ్లుతాయి. ఒక డబ్బాకు కన్నం పెట్టి, తడి నాచు వేసి, అందులోకి వెళ్లనివ్వండి.

తిండి పొట్టు మీద పెట్టొద్దు. పళ్లెంలో పెట్టండి.

బయట ఏరుకొచ్చిన ఆకులు, బెరడు నేరుగా వేయొద్దు.

రెట్ట కనపడ్డ రోజే తీసేయండి. నెలకోసారి మొత్తం పొట్టు మార్చండి.

సువాసన స్ప్రేలు, అగరొత్తులు, సాంబ్రాణి ఆ గదిలో వద్దు. పండగైనా సరే.

వంటింటి సింకులో ట్యాంకు కడగొద్దు. సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు. పొట్టు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. ఐదేళ్లలోపు పిల్లల్ని ఆ ట్యాంకు దగ్గరికి రానివ్వొద్దు.

ఇండియాలో ఉన్నవాళ్లు ఇది చదివి జెర్రిపోతునో నాగుపామునో తెచ్చి పెట్టుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

కొత్త ప్యాకెట్ తెచ్చిన ప్రతిసారీ, పాత కంపెనీదే అయినా, విప్పి వాసన చూడండి. ఘాటుగా ఉంటే వెనక్కి ఇచ్చేయండి. డబ్బులు పోయినా పారేయండి. "సగం ఉంది, అయిపోనివ్వు" అనొద్దు.

నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, గురకలా శబ్దం వస్తున్నా, ముక్కు దగ్గర బుడగలు కనపడినా తెల్లారేదాకా ఆగకుండా పొట్టు మొత్తం తీసేసి పేపర్ టవల్స్ వేయండి. పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ పొట్టు ప్యాకెట్ కూడా పట్టుకెళ్లండి.